తాతయ్యకు కుర్చీ వేసిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య మిషను కొందామని బయలుదేరితే, మిషను కంటే ముందు మనుషుల చేతులు చూసేవాడు. ఆ విద్య నాకూ నేర్పాడు. నేర్పినవాడే అసలు చోట దాన్ని వాడలేదు, నేర్చుకున్న నేనూ వాడలేదు. డెబ్బయ్యో పడి దగ్గరపడ్డాక కూడా అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదమ్మా అంటే అందరి మీదా, ముందు నా మీద.

ఇప్పుడెందుకు ఈ గోల అంటే, మా బాబాయి మనవడు అమలాపురంలో ఫర్నిచర్ పని మొదలుపెడుతున్నాడు. నాకు మేనల్లుడి వరస. మొన్న ఆదివారం చర్చి అవగానే తిన్నగా మా ఇంటికొచ్చి, ఫోనులో కోత మిషన్ల ఫొటోలు చూపించాడు. పెద్ద ఇనుప బల్ల, దాని మధ్యలో చీలిక, ఆ చీలికలోంచి పైకి లేచి తిరిగే పళ్ళ చక్రం. చెక్కను బల్ల మీద పెట్టి ముందుకు తోస్తే రెండుగా చీలిపోతుంది. దీని మోటారు పెద్దది, దాని బల్ల వెడల్పు, ఏది తీసుకోమంటావత్తా అన్నాడు. దాన్ని నడిపేవాడికి వేళ్ళెన్ని ఉన్నాయో కనుక్కున్నావా అన్నాను. వాడు నవ్వేశాడు. వాడి తాత కుడిచేతికి రెండే వేళ్ళుండేవని వాడికి తెలుసు. ఎలా పోయాయో వాడికెవరూ సరిగ్గా చెప్పలేదు. మా ఇళ్ళలో చెప్పవలసిన మాట చెప్పే అలవాటు తక్కువ.

మాది పి.గన్నవరం దగ్గర కాలవ గట్టునున్న ఊరు. మా ముత్తాతల దాకా అందరూ పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. తాతయ్య ఒక్కడు తెల్లదొరల బడిలో వడ్రంగం నేర్చుకున్నాడు. గట్టు పక్కన కొబ్బరాకుల పాక వేసి తలుపులు, మంచాలు, చర్చిల్లో కూర్చునే బల్లలు చేసేవాడు. మా నాన్న బడిపంతులై పక్కకు తప్పుకున్నాడు గానీ, బాబాయికి మాత్రం చెక్క అంటే ప్రాణం. దానితో పాటు హార్మోనియం ఒకటి. ఆదివారం ఆయన వాయిస్తుంటే పాట రానివాళ్ళు కూడా నోరు కలిపేవారు. ఆ చేతులకే పొద్దున్న బాడిస, సాయంత్రం హార్మోనియం. గోళ్ళ సందుల్లో రంపపు పొట్టు ఎప్పుడూ ఉండేది.

పెద్ద దుంగలు కోయడానికి ఇద్దరు కావాలి, రంపానికి అటొకరు ఇటొకరు. తాతయ్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. పక్క ఊరి చర్చివాళ్ళు ముప్పై బల్లలు, క్రిస్మస్ నాటికి కావాలన్నారు. చేత్తో కోస్తే అయ్యే పని కాదు. ఊళ్ళోకి కరెంటు ఎలాగూ వచ్చింది, ఒక కోత మిషను పాతదైనా సరే చూద్దామని తండ్రీకొడుకులు అనుకున్నారు. నాకప్పుడు పదేళ్ళు. మిషన్ల మీద ఇంగ్లీషులో రాసి ఉండేది చదవడానికి నన్ను కూడా తీసుకువెళ్ళారు. ఇద్దరు మగవాళ్ళతో బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నేను లేకపోతే వీళ్ళు మిషనే కొనలేరన్నంత గొప్ప పడ్డాను.

మొదట అమలాపురంలో ఒక వర్క్‌షాపుకు వెళ్ళాం. అక్కడున్నది చిన్న మిషను. చక్రం మీద రేకు మూత ఉంది. పక్కన తాడుకు ఒక పొట్టి కర్ర వేలాడుతోంది, చెక్క చివరికొచ్చేసరికి చేత్తో కాకుండా ఆ కర్రతో తొయ్యాలట. తాతయ్య మిషను వైపు చూడనైనా చూడలేదు. పనివాళ్ళలో ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి, రెండు చేతులూ జోడించి, "వందనాలండీ" అన్నాడు. అంత పెద్దాయన చేతులు జోడిస్తే ఎవరూరుకుంటారు? చేతిలో పని కింద పెట్టి వాళ్ళూ దండం పెట్టారు. అలా నలుగురికీ పెట్టి బయటికి వచ్చేశాడు.

సోడా కొట్టు దగ్గర నిలబడి అప్పుడు చెప్పాడు నాకు. "మిషను గొప్ప అమ్మేవోడు చెప్తాడు బుల్లీ. దాని గుణం మటుకు పనోళ్ళ వేళ్ళు చెప్తాయి. నీ వేళ్ళు చూపించవయ్యా అంటే ఎవరూ చూపించరు. మనం దండం పెడితే వాళ్ళే చూపిస్తారు." నలుగురికీ నలభై వేళ్ళూ ఉన్నాయి, ఈ మిషను మంచిది అన్నాడు. నాకు భలే అనిపించింది. ఆ రోజంతా బస్సులో, బజారులో కనబడ్డవాళ్ళందరికీ దండాలు పెట్టి వేళ్ళు లెక్కపెట్టాను. బాబాయికి మాత్రం ఆ మిషను నచ్చలేదు. చర్చి బల్లకు కావలసిన వెడల్పు చెక్క దాని మీద నిలవదన్నాడు. అది నిజమే.

వారం తిరక్కుండా కాలవ అవతలి ఊరి కోత మిల్లు కామందుగారి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఆయన కొత్త మిషను తెప్పించుకుంటున్నాడు, పాతది మాకు అమ్ముతాడట. ఆ కామందుగారి తండ్రి పొలంలోనే మా ముత్తాత కూలి చేశాడు. తాతయ్య చిన్నప్పుడు ఆ ఇంటి గేదెలు కాశాడు. పెద్దయి, పనివాడై, మనవల్నెత్తాక కూడా వాళ్ళ గుమ్మంలోకి వెళితే అరుగు కింద నిలబడే మాట్లాడేవాడు. వాళ్ళు ఒరే అనేవారు, ఈయన ఆయ్ అనేవాడు.

ఆ రోజు మేం మిల్లులోకి వెళ్ళగానే కామందుగారు లేచి నిలబడి, "రండి మేస్త్రిగారూ" అని, లోపలికి కేకేసి కుర్చీ తెప్పించాడు. నిజంగా కుర్చీయే, చేతులున్న టేకు కుర్చీ. కూర్చోండి అన్నాడు. తాతయ్య నా వైపు చూశాడు, బాబాయి వైపు చూశాడు, చివరికి కుర్చీ అంచు మీద ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. కాఫీ వచ్చింది. ఆయనకెలాంటి స్టీలు గ్లాసో, ఈయనకూ అలాంటి గ్లాసే.  అరవై ఏళ్ళ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను.

కాఫీ అయ్యాక మిషను దగ్గరికి వెళ్ళాం. పోత ఇనుప బల్ల, నాలుగడుగుల పైనే వెడల్పు. బాబాయి మొహం వెలిగిపోయింది. చక్రం మీద మూత లేదు. మూత ఉంటే పని సాగదని ఎప్పుడో పీకేశారట. మిషను నడిపేవాడు నిలబడే చోటు వెనక గోడ మీద మనిషి పొట్టంత ఎత్తున గుంటలు పడి ఉన్నాయి. చక్రానికి పట్టుకున్న చెక్క వెనక్కి ఎగిరి కొట్టిన గుంటలవి. దాన్ని నడిపే ముసలాయన ఒక పక్కగా నిలబడ్డాడు, కుడిచేతి మీద తువ్వాలు వేసుకుని. తాతయ్య అలవాటుగా చేతులు జోడించి వందనాలండీ అన్నాడు. ఆయన ఒక్క క్షణం కామందుగారి వైపు చూశాడు. తరవాత తువ్వాలు తీసి భుజాన వేసుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, మామూలు కంటే కాస్త ఎక్కువసేపు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్యవి మూడూ లేవు. బాబాయి అప్పటికే బల్ల కిందికి వంగి మోటారు చూస్తున్నాడు.

ఏడు. నేను లెక్కపెట్టాను. తాతయ్య వేలు పట్టుకుని లాగాను కూడా. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు, అంటే చూశానులే అని. ఇంకేం, ఇప్పుడు చెబుతాడు, వద్దంటాడు అని ఎదురు చూస్తున్నాను.

అంతలో కామందుగారు నన్ను చూసి, పిల్లకు చదువు వచ్చునా అన్నాడు. మిషను మీదున్న ఇత్తడి రేకు చూపించి చదవమన్నాడు. నేను గడగడా చదివేశాను. ఒక్క మాటకూ అర్థం తెలిస్తే ఒట్టు. ఆయన శభాష్ అని నా తల నిమిరి, ఇదిగో ఈ పిల్ల టీచరమ్మ అవుతుంది చూడండి అని అందరితో అన్నాడు. ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టించాడు. నేను పొంగిపోయాను. ఆ ఏడు వేళ్ళూ నా బుర్రలోంచి ఎటు పోయాయో పోయాయి. టీచర్నే అయ్యాను, ముప్పై నాలుగేళ్ళు చెప్పాను, ఆ జోస్యం చెప్పినవాడి నోట్లో మన్ను పడ అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఎలా ఉందండీ మిషను అని ఆయన తాతయ్యను అడిగాడు. తాతయ్య వంగి చేతులు జోడించి, "ఆయ్, బాగుందండి. తమరిస్తానన్నాక ఇంకేముందండీ" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బాబాయి సంతోషంతో మా కంటే ముందు నడిచిపోతున్నాడు. కాలవ గట్టు మీద బిస్కెట్ తింటూ నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ తాతకు మూడు వేళ్ళు లేవు కదా తాతయ్యా అన్నాను. తాతయ్య నడక ఆపాడు. "కుర్చీ వేసేరమ్మా. కుర్చీ వేసినాయన మొహం మీద వద్దని ఎలా చెప్పమంటావు?" అన్నాడు. చక్రానికి మూత తనే చేస్తాలే, బాబాయికేం చెప్పకు, భయపడతాడు అన్నాడు. నేను చెప్పలేదు.

మూత చేశాడు, మాట తప్పలేదు. మామిడి చెక్కతో ముచ్చటగా చేశాడు. కానీ బల్లల చెక్కలు మందం, మూతకు తగిలి ఆగిపోయేవి. క్రిస్మస్ ముంచుకొస్తోందని బాబాయి దాన్ని విప్పి గోడకు ఆనించాడు. తొమ్మిది బల్లలు మిగిలి ఉండగా ఒక మధ్యాహ్నం చక్రం చెక్కను పట్టేసి వెనక్కి విసిరింది. దాని వెనకాల ఉన్న చెయ్యి ముందుకు జారింది. నేను బడి నుంచి వచ్చేసరికి పాకలో మగవాళ్ళెవరూ లేరు. పొట్టు మీద మా పిన్ని బిందెలతో నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి లోపలికి పో అంది.

అమలాపురం ఆసుపత్రిలో నాలుగో రోజున ఆ మిల్లు ముసలాయన వచ్చాడు. మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. తరవాత తువ్వాలు తీసి, తన కుడిచెయ్యి బాబాయి కట్టు పక్కన దుప్పటి మీద పెట్టాడు. "నాదీ ఆ మిషనేనండి. కామందుగారి ముందు నోటితో చెప్పలేక, తువ్వాలు తీసి మరీ చూపించేనండి. మీ నాన్నగారు చూసేరండి. చెప్పేరనుకున్నానండి" అన్నాడు.

తాతయ్య మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. బాబాయి ఇద్దరినీ చూశాడు. నా మొహం చూడగానే నాకూ తెలుసని ఆయనకు అర్థమైపోయిందనుకుంటాను. నన్నేమీ అనలేదు. తాతయ్యను మాత్రం మెల్లిగా అడిగాడు.

"ఆ కుర్చీ బాగుందా నాన్నా?"

 బాబాయిని ఇంటికి తెచ్చిన వారానికి కామందుగారు పరామర్శకు వచ్చాడు. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, మిషన్ల దగ్గర కుర్రాళ్ళకు తొందర పనికిరాదన్నాడు.  తాతయ్య నిలబడి ఆయ్ అన్నాడు. మావాడిదే తొందరండి అని కూడా అన్నాడు. లోపలి గదిలో బాబాయి అన్నీ వింటున్నాడు. ఆ క్రిస్మస్‌కు హార్మోనియం ఇంకెవరో వాయించారు. బాబాయి మా చర్చికి తను ఎప్పుడో చేసిన బల్ల మీదే చివర కూర్చున్నాడు, చెయ్యి జేబులో పెట్టుకుని. తాతయ్య బతికిన మిగతా ఆరేళ్ళూ వాళ్ళిద్దరూ పని మాటలు తప్ప వేరే మాట్లాడుకోగా నేను వినలేదు.

తాతయ్య పిరికివాడని నేననను. పుట్టినప్పటి నుంచి అరుగు కింద నిలబెట్టిన మనిషికి అరవయ్యో ఏట కుర్చీ వేస్తే ఏమవుతుందో, వేసినవాడికి బాగా తెలుసు. తాతయ్యను క్షమించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కామందుగార్ని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఈ మాట పాస్టరుగారితోనే చెప్పాను.

నిన్న మేనల్లుడితో కలిసి మిషను చూడ్డానికి నేను కూడా వెళ్ళాను. కొట్టువాళ్ళు రండి మేడం అని నాకు కుర్చీ వేశారు, కూల్‌డ్రింకు తెచ్చారు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నా కూర్చోలేదు. దీన్ని నడిపే అబ్బాయిని పిలవండి, చేతులు చూడాలి అన్నాను. దండాలూ గిండాలూ లేవు, తిన్నగా అడిగాను. మేనల్లుడికి తల కొట్టేసినట్టయింది, ఏంటత్తా మొహమాటం లేకుండా అని గొణిగాడు. ఆ అబ్బాయి నవ్వుతూ వచ్చి పది వేళ్ళూ చాపాడు. మూత బిగించి కోసి చూపించమన్నాను, వెడల్పు చెక్క, మందం చెక్క, రెండూ. చూపించాడు. అది తీసుకోమన్నాను.

మా వీధిలో నన్ను నోటి దురుసు టీచరమ్మ అంటారని నాకు తెలుసు. అననీ. వచ్చేటప్పుడు ఆటోలో మేనల్లుడికి వాడి తాత సంగతంతా చెప్పాను, బిస్కెట్ పొట్లంతో సహా. వాడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మిల్లులో ఆ రోజు నేను లెక్క తప్పలేదు. ఏడని నాకు తెలుసు. పైకి అనలేదు, అంతే.