కుమారి మేడం చెప్పిన రెండో సంకేతం

రైలు పలాసలో ఆగగానే జీడిగింజలు కాల్చిన ఘాటు కిటికీలోంచి తగులుతుంది. విశాఖలో పరిశోధనలో చేరాక నేను ఇటు రావడం తక్కువ. వచ్చిన ప్రతిసారీ ఆ వాసన వెంట కుమారి మేడం గుర్తొస్తారు. టెక్కలిలో డిగ్రీ చదివేటప్పుడు మాకు జువాలజీ చెప్పేవారు. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆమె చీరకూ పుస్తకాలకూ ఆ వాసనే ఉండేది.

ఒకరోజు కిల్లర్ టి కణాల పాఠం. వైరస్ సోకిన కణాలను వెతికి చంపేవి అవి. అవి మేలుకోవాలంటే రెండు సంకేతాలు అందాలన్నారు మేడం. “శత్రువును గుర్తుపడితే చాలదా మేడం, రెండో సంకేతం దేనికి?” అని అడిగాను. ఆమె సుద్దముక్క కింద పెట్టారు.

“సాలదే. శత్రువు ముక్కని సూపించే కణం, ప్రమాదముందని కూడా సెప్పాల. అప్పుడు దాని మీద బి7 అనే ప్రోటీన్ పెరుగుతాది. అది టి కణం మీదున్న సిడి28ని తాకితేనే ఇది పూర్తిగా మేలుకుంటాది. లేకపోతే గుర్తుపట్టి కూడా మొద్దుబారిపోద్ది. సూసిందల్లా సంపుకుంటూ పోతే మన ఒళ్ళు మనకి మిగుల్తాదా?”

నా చివరి ఏడాదిలో ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఉండే అక్క నారాయణమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చారు. కొన్నాళ్ళు బాగా పనిచేసింది. మేడం మళ్ళీ క్లాసుకు కూడా వచ్చారు. తర్వాత, మందులు వాడుతూనే ఉన్నా, ఒళ్ళు దాన్ని తిరస్కరించింది.

అక్క ఇంట్లో ఉన్న మేడంను చూడడానికి ఉద్దానం వెళ్ళాను. పీజీ సీటు వదులుకుని ఏదైనా పనిలో చేరతానని చెప్పడం కూడా నా ఉద్దేశం. నారాయణమ్మ నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. పెరడంతా కొబ్బరిచెట్లే అయినా కిడ్నీ పనిచేయని చెల్లెలికి మాత్రం ఆ నీళ్ళు కూడవన్నారు డాక్టర్లు. బొండం నా చేతికిస్తూనే ఆవిడ ఏడ్చేశారు.

“నీకు సెడ్డదిచ్చినానే కుమారీ.”

“ఏటక్కా ఆ మాట? నీది బంగారంలాటిది. నా కణాలకి అది పరాయిదిగా కనిపించింది. ప్రమాదమన్న కబురు కూడా అందింది. రెండూ కలిసి మీదపడినాయి. ఇచ్చింది నువ్వని వాటికి తెలీదు కదా.”

“నానని సెప్పడానికి అవదేటే?”

“ఆ రెండో కబురు అందకుండా ఆపే మందు ఉందంట. నాకు కుదరదన్నారు.” మేడం అక్క చేతిని తన చేతిలోకి తీసుకుని నావైపు చూశారు. “ఇంకా మంచివి ఎవరో ఒకరు కనిపెట్టాల. నువ్వు సదువు ఆపకు.”

నేను చెప్పాలని వెళ్ళింది చెప్పలేదు. ఆ వానాకాలం దాటకుండానే ఆమె వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా పని ఆ కణాలతోనే. బి7ని అడ్డుకున్న ల్యాబ్ గిన్నెలో టి కణాలు మేలుకోకుండా ఉండిపోయిన మొదటిరోజు, ఫోన్ తీసి ఆమె నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను.

ఊరొస్తే నారాయణమ్మను చూడకుండా వెళ్ళను. “దొరికిందేటమ్మా, ఆ మందు?” అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను, తెలియనిది తెలియదంటాను. ఆవిడ తల ఊపుతారు. మేడం ఉండి ఉంటే అప్పుడు అక్క చేయి పట్టుకుని ఇంకో మాట ఏదో అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ తోచదు. చేయి మాత్రం పట్టుకుంటాను.