మిల్లు ఆగిన మధ్యాహ్నం

ధ్యానం చేసుకునేవాళ్ల కోసం వీణ మీద మాటల్లేని సంగీతం రికార్డు చేస్తుంటాను. నిన్న మీటే ముందు వేళ్లకు కొబ్బరి నూనె రాసుకుంటుంటే, ఆ వాసనకి చీపురుపల్లిలో తాత ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంటి వెనకే రైస్ మిల్లు. పొద్దస్తమానం దడదడమంటూనే ఉండేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వీణ నేర్పుతూ తాత నాచేత ఒక తీగ మీటించి, "ఇంక ఊరుకో. ఆ నాదం ఎక్కడికెళ్లి ఆగిపోతాదో ఇను. అది ఇనబడితేనే కొత్త కీర్తన" అన్నాడు. నాదం నిజంగానే ఎక్కడికో వెళ్లి దాక్కుంటుందనుకున్నాను. వీణ బుర్రకి చెవి ఆనించి వారం రోజులు వెతికాను. మిల్లు చప్పుడే వినిపించేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిల్లు ఆగింది. గబగబా తీగ మీటాను. నాదం సన్నబడి సన్నబడి, దారప్పోగంతై, ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంత బాగుందో!

"తాతా! ఇనబడ్డాదీ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

తాత పడీపడీ నవ్వాడు. "ఒసే, దొరికినదాన్ని నువ్వే తరిమేసినావు గదే!"

అన్న మాట ప్రకారం కొత్త కీర్తన నేర్పడం మొదలుపెట్టాడు. రెండు వరుసలైనా కాకముందే కరెంటొచ్చి మిల్లు మళ్లీ దడదడలాడింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఆగిపోయినావేటే? దాన్నీ వాయించుకోనీ, నువ్వు మీటు" అన్నాడు తాత.

మీటాను. అంత చప్పుడులోనూ, ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య సందులో, ఆ ఏమీ లేనిది నాకు మళ్లీ వినిపించింది. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న సంగీతమంతా ఆ కాస్త సందు చుట్టూ అల్లుకున్నదే.