కప్పగల్లు గుట్టకు నేను దరువు నేర్పిన పొద్దు

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది. నాకు ఒక్క పొగమంచు ఉదయం సరిపోయింది. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మధ్యలో నవ్వు ఆగిపోతే మాత్రం పూచీ నాది కాదు.

అప్పుడు నేను బళ్ళారిలో వారసత్వ పరిరక్షణలో ఎం.ఏ. చదువుతున్నాను. మాది ఎమ్మిగనూరు. వరి, చెరకు తప్ప వేరే ధ్యాస లేని మా నాన్నకు ఈ చదువేమిటో వివరించలేక, పాత కట్టడాలూ పాత రాళ్ళూ పాడైపోకుండా చూసుకునే చదువని చెప్పాను. రాళ్ళేం పాడవుతాయమ్మా అని ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

ఆ ఏడు ఫీల్డ్‌వర్క్ కప్పగల్లు గుట్ట మీద పడింది. అక్కడి బండల మీద వేల ఏళ్ళ కిందటి మనుషులు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. కొన్ని బండలైతే రాయితో కొడితే కంచు గంటలా మోగుతాయి. వాటిని ఎవరూ కొట్టకూడదని, పెచ్చులూడతాయని మా సార్ క్లాసులో గట్టిగా చెప్పారు. కొట్టినవాళ్ళకు ప్రాక్టికల్ మార్కులు ఉండవని కూడా చెప్పారు. అందరం మధ్యాహ్నం కలిసి వెళ్ళాలన్నది ఏర్పాటు.

నేను ఊరుకుంటానా? అందరికన్నా ముందు ఆ మోత రికార్డు చేసి క్లాసు నోరు మూయించాలని, డిపార్ట్‌మెంటు కెమెరా మెడలో వేసుకుని, తెల్లారగానే ఆటో దిగాను. గుట్ట కింద టీ కొట్టు నడిపే నరసమ్మ నన్ను ఆపింది.

"యాడికి పోతాండావు పాపా? మంచు పోనీ. మంచులో గుట్ట మింద ఎవురూ తిరగరు."

ఎందుకని అడిగాను.

"ఎందుకంటే ఏం చెప్పేది. తిరగరు, అంతే."

మూఢనమ్మకాల మీద సెమినార్‌లో మాట్లాడి వచ్చినదాన్ని. చిరునవ్వు నవ్వి ఎక్కేశాను.

పైన చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు. మంచు కదిలినప్పుడల్లా బండ మీద ఒక ఎద్దు కనిపించి, మళ్ళీ మాయమవుతోంది. ఒక పిట్ట లేదు, ఒక మేక అరుపు లేదు. నా ఊపిరి నాకే పక్కింటివాళ్ళ ఊపిరిలా వినిపించింది. ముందు ఊరికే మోగించి చూద్దామని కెమెరాను పక్క రాయి మీద పెట్టి, ఒక గులకరాయి తీసుకుని మోగే బండను కొట్టాను. టంగ్.

కాసేపటికి అవతలి వైపు నుంచి, టంగ్.

ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని వెంటనే వస్తుంది. ఇది ఆలోచించుకుని వచ్చినట్టు వచ్చింది. బుద్ధి ఉన్నవాళ్ళు అక్కడే దిగిపోతారు. నాకు చదువు ఉంది. అందుకని పరీక్షించి చూద్దామని కోలాటం దరువు ఒకటి వాయించాను.

చాలాసేపు ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంటుండగా, అవతల నుంచి నా దరువు మొదలైంది. మెల్లగా, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, ఒక్క దెబ్బ తప్పకుండా. చివరన నేను కొట్టని దెబ్బ ఒకటి ఎక్కువ. అది మరీ దగ్గరగా వినిపించింది.

ఎలా దిగానో అడగకండి. కెమెరా పైన రాయి మీదే ఉండిపోయింది. ఒక చెప్పు దారిలో ఎక్కడో సన్యాసం పుచ్చుకుంది.

టీ కొట్టులో మా సార్ కూర్చుని ఉన్నారు. మార్కులు పోయాయనుకున్నాను. కానీ ఆయన టీ ముట్టకుండా గుట్ట దారి వైపే చూస్తున్నారు. నేను నోరు తెరవకముందే ఆయనే చెప్పుకొచ్చారు. మాకు వద్దన్న మోతను తను ముందుగా రికార్డు చేసుకుందామని గుట్ట వెనక దారిలో ఎక్కారట. మంచులో ఎక్కడో టంగ్‌మంటే, ఏమిటో చూద్దామని తనూ ఒక దెబ్బ కొట్టారట. అంతే, అవతల ఎవరో దరువు వేశారట.

నాకు ప్రాణం లేచొచ్చింది. పడీపడీ నవ్వాను. ఆ దరువు నాదే సార్ అని ఒప్పేసుకున్నాను. ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ముందు తిడదామనుకుని, తర్వాత ఆయనా నవ్వేశారు.

"మీరు మాత్రం తక్కువా సార్? నా దరువు మళ్ళీ నాకే వాయించి చంపేశారు," అన్నాను.

సార్ నవ్వు ఆగిపోయింది. "నేను యాడ వాయించినానమ్మా? నీ దరువు ఇనపడతానే దిగొచ్చేసినా."

నరసమ్మ గ్లాసులు కడగడం ఆపి మా ఇద్దరి వైపూ చూసింది. మేం ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నం ఎండ మండుతుంటే క్లాసంతా గుట్టెక్కింది. సార్, నేను గుంపు నట్టనడుమ నడిచాం. కెమెరా పెట్టిన చోటే దొరికింది. నా స్నేహితురాలు గులకరాయి తీసుకుని, ఒక్కసారి కొట్టి చూడనా అంది. సార్, నేను ఒకేసారి కన్నడంలో "బేడ", వద్దని అరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాం. పరిరక్షణ పట్ల నాకున్న నిబద్ధతకు సార్ ఆ ఏడు మంచి మార్కులే వేశారు.

ఇప్పుడు నా బతుకుతెరువు ఇదే. కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుట్టలను కొలుస్తాను, ఫొటోలు తీస్తాను, వాటి కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాను. కానీ గుట్ట మీద ఎవరున్నా, ముందుగా నేను పలకరించను. వాళ్ళే పలకరిస్తే, ఆ రోజు నేను సెలవులో ఉంటాను.