కెప్టెన్ గారి దివసానికి ఎర్రగుంట్ల ప్రయాణం

పోయాడో బతికే ఉన్నాడో తెలియని మనిషికి దివసం పెడుతున్నాం, భోజనానికి తప్పక రండి అని కార్డు వస్తే ఎవరైనా ఏం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం పోట్లాడదామని బయలుదేరాను.

కార్డు ఎర్రగుంట్లలోని 'ధ్రువనౌక' ప్రేక్షక సంఘం పంపింది. ధ్రువనౌక అనేది ఆదివారం పొద్దున టీవీలో వచ్చే సీరియల్. ఏ దేశంలో తీశారో గానీ, తెలుగు మాటలు కలిపి ఏళ్ల తరబడి వేస్తున్నారు. నక్షత్రాల మధ్య దారి తప్పిన ఓడ, అందులో వందలమంది జనం, వాళ్లను ఇల్లు చేర్చాలని పాటుపడే కెప్టెన్ విహారి. ఇదీ కథ. మా ఇంట్లో నేను తప్ప ఎవరూ చూడరు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆయన వెక్కిరిస్తాడు. కర్నూల్లో నాకు తోడు జుబేదా ఒక్కతే. ఇద్దరం ఒకే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాం. సోమవారం పొద్దున సీసాలు సర్దుకుంటూ ముందురోజు కథంతా తిరగేస్తాం.

కిందటి వేసవిలో కెప్టెన్ విహారి జనాన్ని చిన్న ఓడలోకి ఎక్కించి పంపేసి, పాడైన పెద్ద ఓడతో తానొక్కడే కృష్ణబిలంలోకి పోయాడు. తెర నల్లబడింది. 'తరువాయి త్వరలో' అని అక్షరాలు పడ్డాయి. ఆ త్వరలో ఇంతవరకు రాలేదు, ఆ వేళకు వంటల కార్యక్రమం వేస్తున్నారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. కర్నూలు జిల్లా వాళ్లం బతికున్నాడంటాం, కడప జిల్లా వాళ్లు పోయాడంటారు. టీవీ పత్రికలో ఒకరినొకరు తిట్టుకుంటూ ఉత్తరాలు రాసుకున్నాం. అక్కడ నా అడ్రసు చూసే ఈ కార్డు పంపినట్టున్నారు. కెప్టెన్ ఫొటో, కింద అశ్రునివాళి, ఆ తరువాత సభ, భోజనాలు. జుబేదాకు ఆ రోజు డ్యూటీ పడింది. "నువ్వు పోయి జవాబు చెప్పు. జిందా మనిషికి దండ వేస్తారా వాళ్లు?" అని నన్ను ఎగదోసింది.

ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు ప్రొద్దుటూరు ఎక్స్‌ప్రెస్సు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఓర్వకల్లు దగ్గర రాళ్లగుట్టల మీద ఎండ అప్పుడే పడుతోంది. అక్కడ ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చేతిలో కార్డు చూసి, "ఎవురు తల్లీ ఈయప్ప? మీ బంధువా?" అంది.

"కాదవ్వా. టీవీలో మనిషి."

"సచ్చిపోయినాడా?"

"అదే తెలీదు."

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "తెలీకుండానే కూటికి పోతాండావా?" అని, "పోనీలే, తినేసి రా. సచ్చినోనిదైనా బతికినోనిదైనా కూడు కూడే" అని కళ్లు మూసుకుంది. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు.

నంద్యాల బస్టాండులో బస్సు పావుగంట ఆగుతుంది. ఈ దారిన వచ్చేవాళ్లు టిఫిను ఇక్కడే కానిచ్చుకోండి, ముందుకు పోతే టీ తప్ప నమ్మకంగా ఏమీ దొరకదు. నేను ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. బజ్జి మంటకు కళ్ల వెంట నీళ్లు కారాయి. అశ్రునివాళికి ముందుగానే తయారవుతున్నట్టుందని నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటాక ఎండ ముదిరింది. మైదుకూరులో కడపకు పోయేవాళ్లు దిగారు, మా బస్సు కుడివైపుకు మళ్లింది.

ప్రొద్దుటూరులో పదకొండుకు దిగి ఎర్రగుంట్ల ఆర్డినరీ పట్టుకున్నాను. పెన్న మీదుగా పోతుంటే నది ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఇసుకే. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన నా కార్డు చూసి తానూ అక్కడికేనన్నాడు. "అక్కా, కృష్ణబిలంలోంచి వెలుతురే బయటికి రాదంట. మనిషెట్ల వస్తాడు?" అని అడిగాడు. దానికి నేను ముందే జవాబు తయారుచేసుకున్నాను గానీ సమయానికి గుర్తు రాలేదు. "కెప్టెన్ మామూలు మనిషి కాదు" అని గొణిగాను.

ఎర్రగుంట్లలో ఇళ్ల కప్పుల మీద సిమెంటు దుమ్ము, రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్ల దొంతరలు. సంఘం అధ్యక్షుడు సుబ్బయ్యశెట్టి ఇల్లు వెతకనక్కర్లేదు. వీధికి అడ్డంగా బ్యానరు కట్టారు. మధ్యలో కెప్టెన్, అడుగున వరసగా సంఘం సభ్యుల తలకాయలు. కింద శెట్టిగారి ఇనుప సామాన్ల అంగడి, పైన ఇల్లు, ముందు షామియానా. వాకిట్లో చెప్పులు చూస్తే పెళ్లికొచ్చినంత జనం ఉన్నారు.

హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రెండు ఫొటోలు పెట్టారు, రెండింటి ముందూ పళ్లెంలో పూలదండలు. ఒకటి కెప్టెన్ విహారిది. రెండోది మీసాలున్న మనిషిది, ఓడవాళ్ల యూనిఫాం లాంటిదేమీ లేదు, మామూలు తెల్లచొక్కా. ఓడలో వంటవాడు, వైద్యుడు, తోటమాలి, అందరూ నాకు తెలుసు. ఈయన తెలియలేదు. అరటాకులు తుడుస్తున్న ఒకావిడ పక్కనే ఉంటే, "ఈయన ఏ భాగంలో వస్తాడమ్మా? నాకు గుర్తు రావడం లేదు" అన్నాను.

ఆమె తలెత్తింది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు ఉంది. "ఆయన నా మొగుడమ్మా" అంది.

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆమె మాత్రం కోప్పడలేదు. పేరు రత్నమ్మ, సుబ్బయ్యశెట్టి చెల్లెలు. ఆకులు తుడుస్తూనే సంగతంతా చెప్పింది. ఆమె భర్త నాపరాళ్ల లోడుతో షోలాపూర్ పోయాడు. లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. పన్నెండేళ్లు నిండితే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు. రేపే పెన్న ఒడ్డున.

"వంటోళ్లను రెండు దినాలకు కలిపి మాట్లాడినాడు మాయన్న. ఈ పొద్దు మీ కెప్టెన్‌ది, రేపు ఆయనది. దండలు మాత్రం ఇద్దరికీ ఈ పొద్దే" అంది.

"నువ్వు ఒప్పుకున్నావా?"

"నన్నెవురు అడిగినారు? రేపు ఈ బొట్టు చెరిపేస్తారంట. అది కూడా వేరేవాళ్లు చెప్తేనే తెలిసింది నాకు" అని లోపలికి పోయింది.

కెప్టెన్ కోసం ఇంతదూరం వచ్చినదాన్ని, ఎవరి కోసం పోట్లాడాలో నాకు తెలియకుండా పోయింది. వాదించాలని బస్సులో గుర్తుపెట్టుకున్న మాటలన్నీ కలగాపులగమయ్యాయి. మంచినీళ్లు అడిగి తాగి కూర్చున్నాను.

సభ మొదలైంది. సుబ్బయ్యశెట్టి భారీ మనిషి, మేకులు తూచి తూచి గట్టిపడిన చేతులు. మైకు పట్టుకుని, "నా తోడబుట్టినోడు పొయ్యినట్లుండాదప్పా" అని రెండు మాటలు అనేసరికి గొంతు పూడుకుపోయింది. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముందు వరసలో ముగ్గురు నలుగురు ఏడ్చారు. నేను లేచాను. ఆయన పోవడం చూసినవాళ్లు ఎవరు, ఓడ ముక్కలైనట్టు చూపించారా, మరి తరువాయి అని ఎందుకు రాశారు అని అడిగాను. కొందరు కూర్చోమని కేకలేశారు, ఇంకొందరు నిజమే కదా అన్నారు.

రేపటి కర్మకు సామాన్లు చెప్పిపోదామని వచ్చిన పురోహితుడు ఒక మూల కాఫీ తాగుతున్నాడు. ఎవరో ఆయన్నే అడిగారు. "స్వామీ, దండేసి దివసం పెట్టినాక మనిషి తిరిగొస్తే ఎట్ల?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "సీరియల్ సంగతి నాకు తెలీదు. శాస్త్రమైతే ఒకటుండాది. కర్మ జరిగినాక వచ్చినోడు ఊరికే గడప దాటకూడదు. మళ్లా పుట్టినట్లు అన్నీ చెయ్యాల. జాతకర్మ, నామకరణం, కట్టుకున్నదానితోనే మళ్లా పెండ్లి."

సభ కుక్కలు చింపిన విస్తరైంది. వచ్చేనెల తరువాయి మొదలై కెప్టెన్ బయటికొస్తే నామకరణం ఎవరు చేయాలి, పేరు మారిస్తే సీరియల్ ఎట్లా చూడాలి, ఆయనకు అసలు పెళ్లే కాలేదు కదా అని తలా ఒక ప్రశ్న. బస్సులో నాతో వచ్చినాయన కూడా, "ఏమో, వెలుతురు రాదని పుస్తకంలో రాసినారు గానీ చూసినోళ్లెవురు?" అని నా వైపుకు వచ్చేశాడు. సుబ్బయ్యశెట్టి దండ ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. తరువాత నెమ్మదిగా దాన్ని పళ్లెంలో పెట్టేశాడు.

"ఆగుదామప్పా. అంతమందిని కాపాడినాయప్ప కోసం మనం కొన్నాళ్లు ఆగలేమా?" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, గెలిచానని కొట్టాను. ఆ చప్పట్ల మధ్య రత్నమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా" అంది. పెద్దగా కూడా అనలేదు. చప్పట్లు ఆగిపోయాయి. "టీవీలో మనిషి కోసం ఆగుతానంటివే, మీ బావ కోసం ఎందుకాగవు? ఆయప్ప రాకపాయె. యాడనో ఇంకో సంసారం పెట్టుకున్నాడంటివి నువ్వు. ఇన్నేండ్లలో ఒక్క దినమన్నా ఆయప్ప కోసం నీకు ఇట్ల గొంతు పట్టిందా?"

సుబ్బయ్యశెట్టి కుర్చీ కోసం వెనక్కి చేయి చాపాడు, అందక నేల మీదే కూర్చున్నాడు.

"ఎట్లేడ్సేది రత్నా? ఏడిస్తే సచ్చినాడని నేనే ఒప్పుకున్నట్ల గదా. తిట్టుకుంటా ఉంటే యాడనో ఉన్నట్లుండేది" అన్నాడు. "ఆ పొద్దు నన్నూ రమ్మన్నాడు లోడుతో. అంగడి ఇడిచి రానని నేనే అంటి. నేను పోయుంటే చెయ్యి పట్టుకుని పిల్చుకొస్తుంటి గదా." ఇందాక కెప్టెన్‌కు కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఏదీ అడ్డం పెట్టుకోలేదు. నాకూ ఏడుపు ఆగలేదు. కొంతసేపటికి శెట్టి పురోహితుడి వైపు తిరిగి, "రేపు వద్దు స్వామీ. మా బావకూ ఆగుదాం" అన్నాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. రత్నమ్మ బొట్టు నిలిచింది, ఇక నిశ్చింతగా భోంచేయవచ్చు అనుకున్నాను. ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది. పళ్లెంలో దండ తీసి తన భర్త ఫొటోకు తానే వేసింది. వంకర పోతే సరిచేసింది.

"అదేమే! ఆగుదామంటి గదా!" అన్నాడు అన్న.

"నువ్వేడిస్తివి గదన్నా. చాలు, ఇంగ పోనీ" అంది. ముసలావిడ ఒకామె అలవాటుగా ఆమె నుదుటి వైపు చేయి చాపితే వెనక్కి జరిగింది. "బొట్టు నాది. దాని మీద ఎవురూ చెయ్యి పెట్టొద్దండి. నేను చూసుకుంటా."

పురోహితుడు అటూ ఇటూ చూసి, "మరి రేపు కర్మ ఉన్నట్లా, లేనట్లా?" అని అడిగాడు.

"ఉండాది. పొద్దున్నే రాండి స్వామీ" అంది రత్నమ్మ.

ఆగమన్నది ఆమే, వద్దన్నదీ ఆమే. అక్కడున్న వాళ్లకెవరికీ ఏమీ బోధపడలేదని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. కెప్టెన్ మాత్రం దండ లేకుండా నవ్వుతున్నాడు. ఆకులు వేశారు. అన్నం, పప్పు, వంకాయ కూర, అలసందల వడలు, పాయసం. ఎవరి పేరు మీద తింటున్నామో తెలియకుండా అందరం కడుపునిండా తిన్నాం. వడలు చాలా బాగున్నాయి.

బయలుదేరేముందు రత్నమ్మను పక్కకు పిలిచి, ఎందుకిలా చేశావని అడిగేశాను. అడగకూడదని తెలుసు, కానీ అడగకుండా కర్నూలు దాకా పోలేననిపించింది.

"రాడని నాకు ఎప్పుడో తెలుసమ్మా" అంది. "అంత మందిలో తిరిగిన మనిషి. నేనొక్కదాన్నే ఏడ్చి సాగనంపాలంటే మనసొప్పలా." కొంగున కట్టిన నాలుగు వడలు నా చేతిలో పెట్టి, "రైల్లో తిను" అంది.

తిరుగు ప్రయాణానికి రైలు మేలని చెప్పారు. ఎర్రగుంట్లలో మధ్యాహ్నం దాటాక గుంతకల్లు వైపు ప్యాసింజరు ఉంది, గుత్తిలో దిగితే కర్నూలుకు బస్సులకు కొదవ లేదు. టికెట్టు బస్సులో సగం కూడా కాలేదు. పెట్టె ఖాళీగా ఉంది. తాడిపత్రి స్టేషనులో సిగ్నలు అందగానే సెల్లు మోగింది. జుబేదా.

"ఏమైంది? తేలిందా? ఉన్నాడా, పోయాడా?"

"పోయాడు" అన్నాను.

"అయ్యో అల్లా! కెప్టెన్ పోయాడని నువ్వు కూడా ఒప్పుకున్నావా?"

"కెప్టెన్ కాదు. రత్నమ్మ అని ఒకామె ఉంది, ఆమె భర్త. వాళ్లన్న శానా ఏడ్చాడు" అని, కిందా మీదా పడి జరిగిందంతా చెప్పాను. జుబేదా మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు.

చివరికి, "ఆయన పేరేంది? నమాజులో దువా చేస్తా" అంది.

ధ్రువనౌకలో ఉన్న మనుషుల పేర్లన్నీ నాకు వరసగా వచ్చు. వాళ్లన్న 'బావ' అన్నాడు, ఆమె 'ఆయన' అంది, అంత పెద్ద సభలో ఆ మనిషి పేరు ఒక్కరి నోటా వినపడలేదు. నేనూ అడగలేదు. రైలు కదిలింది, ఫోను తెగిపోయింది, నేను ఇంకా ఆ పేరు కోసం వెతుక్కుంటూనే ఉన్నాను.