గోడవతల వరస

మనిషి కనబడితే చాలు, "గురక పెడతారా?" అని అడగడం గేటాయనకున్న ఒకే ఒక్క జబ్బు. పెద్ద రోడ్డు పక్కన భారీ లారీలు ఆపుకుని డ్రైవర్లు ఓ కునుకు తీసి వెళ్లే స్థలానికి ఆయన కాపలాదారు. సరుకేమిటనడు, ఎక్కణ్ణించనడు. గురక పెట్టేవాళ్లను గోడవతల వరసలోకి, పెట్టనివాళ్లను ఇవతలి వరసలోకి పంపిస్తాడు.

అక్కడితో ఆగితే ఆయన భార్య సర్దుకుపోయేదే. నీళ్ల ట్యాంకరువాణ్ణి అడిగాడు. గోడకు సున్నం వెయ్యడానికొచ్చినవాణ్ణి అడిగాడు. ఆమె పిన్నిగారు చుట్టపుచూపుగా వస్తే, చేతిలో సంచీ దించకముందే అడిగాడు. ఆ మహాతల్లి గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

"ఎందుకండీ మీకీ గోల?" అని గేటు పక్కనున్న తన టీకొట్టులోంచి ఆమె కేకేసేది.

"అడిగితే తప్పేముందే?" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెబితే ఒట్టు. ఆ ప్రశ్న ఎక్కణ్ణించి పట్టుకొచ్చాడో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఓనాడు పైఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. గేటు దగ్గర పరువు తీస్తున్నారని ఎవరో డ్రైవరు ఫిర్యాదు చేశాడట. ఉద్యోగం పోతే ఉంటున్న రెండు గదులూ, టీకొట్టూ పోతాయి. "మీకు దణ్ణం పెడతాను, ఇవాళొక్కరోజు నోరు కట్టేసుకోండి" అంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఆఫీసరు కారు దిగగానే నమస్కారం పెట్టి, "అయ్యా, తమరు గురక పెడతారా?" అన్నాడు. ఆమె తల పట్టుకుంది.

"మతి పోయిందా నీకు? రేపట్నించి పన్లోకి రానక్కర్లేదు!" ఆఫీసరు భగ్గుమన్నాడు.

అంతలో ఇనుపకడ్డీల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు నిలువెత్తు మనిషి. గేటాయన అడగ్గానే "పెడతానన్నా" అని నవ్వి, బండిని గోడవతల పెట్టి టీకి వచ్చాడు. ఆఫీసరు అతణ్ణి పట్టుకున్నాడు. "అలా అడిగితే నీకు సిగ్గనిపించదూ?"

"అందరినీ అడుగుతాడు కదా సార్, నాకొక్కడికే సిగ్గెందుకు? వేరేచోట్ల నా గురక భరించలేక లేపి తరిమేసేవాళ్లు. ఆ నిద్రకళ్లతోనే పోతూ ఓసారి ఈ మలుపులోనే వంతెన గోడను గుద్దాను. నన్ను బయటికి లాగింది ఈ అన్నే. అప్పట్నించే ఈ అడగడం."

ఆ ప్రమాదం సంగతి ఆమెకు తెలుసు. దానికీ ఈ ప్రశ్నకూ ముడి ఉందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఒక్కణ్ణి చిన్నబుచ్చకూడదని లోకాన్నంతా అడుగుతున్నాడన్నమాట, ఈ పిచ్చి మనిషి! ఆమెకు గర్వంగా అనిపించింది. పిన్నిగారు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది.

ఆఫీసరు టీ తాగి కారెక్కాడు. గేటు దగ్గర అద్దం దించి, గొంతు తగ్గించి అన్నాడు: "పెడతానయ్యా. మా ఆవిడ పోరు పడలేకపోతున్నాను. రేపు పన్లోకి రా."

"ఈసారి వస్తే మీకు గోడవతల చోటుంచుతానండీ."

కారు వెళ్లాక ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది. "లోకంలో అందరినీ అడిగారు. నన్నెప్పుడూ అడగలేదేం?"

"నీ చోటు మార్చే ఉద్దేశం లేదు గనక" అని ఆయన గేటు వెయ్యడానికి వెళ్లిపోయాడు.