పురిటి గది వెనక గొట్టం

2023 ఎండాకాలం. యాంగోన్‌లో, అదే మనవాళ్ల పాత రంగూన్‌లో, కరెంటు వచ్చిందంటే వింతగా చూసే రోజులు. ఊళ్లో అహ్లోన్ పేటలో నాకు చిన్న జనరేటర్ రిపేరు షెడ్డు ఉంది. ఆ వేసవిలో కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. ఈ పనికి ధైర్యం ఉండాలంటారు. నాకది లేదు. ఇంజను దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. పాతికేళ్లయినా పోలేదు.

లమ్మడా పేటలో పప్పుల వ్యాపారం చేసే సత్యం మావయ్య కబురు పెట్టాడు. మాది బాప్టిస్టు కుటుంబం, వాళ్లు హిందువులు. అయినా మా తాతలు బర్మా వచ్చిన నాటి నుంచీ వరసలు పెట్టి పిలుచుకుంటాం. కింద దుకాణం, మీద కాపురం. పెరట్లో పాత కారు ఇంజనుకి డైనమో తగిలించి చేసిన పెట్రోలు జనరేటర్. దాని రేడియేటర్ కారిపోతోంది. ఇంజను వేడిని నీళ్లు మోసుకొస్తే, ఆ నీళ్లను చల్లార్చే జల్లెడలాంటి పెట్టె అది. అది కారిపోతే ఇంజను కాగిపోతుంది.

"రేడియేటరు మార్చీ. దాంతోపాటు మెట్ల పక్క గొట్టం కూడా మూసీ బావు," అన్నాడు మావయ్య. "మనవరాలి బారసాలకి సుట్టాలొస్తారు. నల్లగా ఆ గొట్టం ఏటి, అసయ్యంగా."

ఆయన చెప్పింది సైలెన్సర్ గొట్టం. ఇంజను పొగను మెట్ల గోడ వెంట పైకప్పు దాకా తీసుకెళ్లేది అదే. మేడ మీద భాగాన్ని వడ్రంగి అప్పటికే ప్లైవుడ్ పెట్టెలో దాచేశాడు. మెట్ల పక్క ముక్క మిగిలింది.

రేడియేటర్ మార్చడం పెద్ద కష్టం కాలేదు. పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చిన దాన్ని బిగించి, గొట్టాలకు కొత్త క్లిప్పులు వేసి, నీళ్లు నింపి ఇంజను తిప్పాను. చుక్క కారలేదు. దుకాణంలో ఫ్యాన్లు తిరిగాయి. మావయ్య మొహం వెలిగింది. ఇంజను నడుస్తుండగానే, వడ్రంగి పెట్టె చూసి ప్లైవుడ్ కొలత తీసుకుందామని మేడెక్కాను.

ఆ పెట్టె మీద చెయ్యి ఆనించాను. చుర్రుమంది. అంత వేడి ఉండకూడదు. చెవి దగ్గర పెడితే లోపల బుస్సు బుస్సుమని ఊపిరి తీసినట్టు శబ్దం. గొట్టం అతుకు ఎక్కడో ఊడింది. రేడియేటర్లో నీళ్లు నిలవక ఇన్నాళ్లూ ఇంజను కాగి, ఆ వేడికి గొట్టం అదిరీ అదిరీ ఊడి ఉంటుంది. పొగ పైకప్పుకి పోవడం లేదు. ఈ పెట్టెలో నిండుతోంది. పెట్టె వెనక ఉన్నది పాత చెక్క గోడ. దాని పలకల మధ్య సందులున్నాయి.

పక్కనే మూసిన తలుపు ముందు సత్యం మావయ్య భార్య రవణమ్మ అత్త పీట మీద కూర్చుని ఉంది.

"అత్తా, ఈ గోడ అవతల ఏటుంది?"

"పురిటి గది. కోడలూ, పసిగుంటా పడుకున్నారు. గట్టిగా మాటాడకు."

బాలింతకు గాలి తగలకూడదని మనవాళ్లు గది మూస్తారు. బర్మా వాళ్లూ మూస్తారు. అత్త రెండు పద్ధతులూ కలిపి పాటించింది. తలుపు కింద చీర గుడ్డ కుక్కి ఉంది. కిటికీ సందుల్లోనూ కుక్కిందట. లోపల సాంబ్రాణి కుంపటి. ఇక ఏ పొగ వాసన ఏదో ఎవరికి తెలుస్తుంది?

"కోడలు నూకరత్నం బాగుందా?"

"రెండ్రోజుల్నుంచి తలనొప్పి అంటాది. ఎక్కడో గాలి దూరింది. అందుకే ఇంకాస్త గుడ్డ కుక్కినాను."

పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి వాసన లేదు. మొదట తలనొప్పి, తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి కొందరు లేవరు.

"మావయ్యా, ఇంజను ఆపేయ్" అని కిందికి అరిచాను. ఇంజను ఆగింది. తలుపు మీద చెయ్యి వేశాను. అత్త అడ్డంగా లేచి నిలబడింది.

"మగోడివి, పురిటి గదిలోకి ఎలాగొస్తావు? మైల. గుంటకి గాలి తగుల్తాది."

ఆమెను తోసెయ్యడానికి చేతులు రాలేదు. విషవాయువని చెబితే వింటుందా? నోటికొచ్చింది అన్నాను.

"అత్తా, కోడల్ని ఓపాలి పిలు. పలికితే నేనెల్లిపోతాను."

"నూకరత్నం," అని పిలిచింది. జవాబు లేదు. "అమ్మీ, నూకాలూ." ఈసారి తలుపు మీద కొట్టింది. పిల్ల ఏడుపు కూడా లేదు. అత్త నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తానే వంగి తలుపు కింద గుడ్డ లాగి పారేసి, తలుపు తీసింది.

లోపల నూకరత్నం నోరు తెరుచుకుని పడి ఉంది. అత్త పిల్లను ఎత్తుకుంటే చేతులు రెండూ వేలాడాయి. నేను కోడల్ని లాగాను. ఇద్దరినీ వీధి వైపు బాల్కనీలోకి తెచ్చాం. బట్టతో విసురుతూ యేసయ్యా అంటున్నాను నేను, అప్పన్నా అంటోంది అత్త. ఎంతసేపో చెప్పలేను. నూకరత్నం కక్కుకుంది. తర్వాత పిల్ల ఏడ్చింది. అత్త అక్కడే గచ్చు మీద కూలబడి, దానికంటే గట్టిగా ఏడ్చింది.

టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరూ బతికారు.

వడ్రంగి పెట్టెను నేనే పగలగొట్టాను. గొట్టాన్ని ఇంటి లోపల్నుంచి తీసేసి పెరటి బయటి గోడ మీదుగా, అందరికీ కనపడేలా వేశాను. బారసాలకి వచ్చిన చుట్టం ఒకాయన అది చూసి మొహం చిట్లించాడు. "కనపడనీ, నానే అలా ఎయ్యమన్నాను," అంది అత్త. ఆ రోజు ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీసే ఉన్నాయి.

దేన్నైనా దాచే ముందు దాని వెనక ఎవరు పడుకుంటారో అడగాలని ఆ ఇల్లు నాకు నేర్పింది. అడిగినా నా భయం తీరదు. ఇప్పుడు ఎవరింట్లో ఇంజను తిప్పాల్సి వచ్చినా ముందు మూసిన ప్రతి తలుపు దగ్గరికీ వెళ్లి, లోపల ఉన్నవాళ్లను పేరు పెట్టి పిలుస్తాను. చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా నేను ఇంజను తాళం తిప్పను.