ముఖం మూసిన ఇనప టోపీ

నా చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రాలంటే నాకు గుబులుగా ఉండేది. మా అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేసేది. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే ఫోను చేసేది. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నేను చిట్టమూరు అవతల మా పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. పెద్దమ్మ సెల్‌ఫోను మోగగానే ఇంట్లో అందరూ దాని చుట్టూ చేరేవాళ్ళు. నేను మాత్రం అంతకు ముందే పెరటి దారిన బయటపడి, వీధి చివర రేకుల తాత కొట్టంలో కూర్చునేదాన్ని.

ఆయన మాకు చుట్టం కాదు. ట్రంకుపెట్టెలు, వడ్లు పోసుకునే డ్రమ్ములు, రొయ్యల గుంటల వాళ్ళకు మేత డబ్బాలు చేసేవాడు. ఆయన సుత్తి మొదలుపెడితే పక్కవాళ్ళు అరిచినా వినపడదు. పెద్దమ్మ పిలుపు వినపడలేదని చెప్పడానికి ఊళ్ళో అంతకంటే మంచి చోటు లేదు.

అమ్మ మీద కోపంతో కాదు నేను దాక్కున్నది. ఆమె గొంతు వింటే నాకు ఏడుపు వచ్చేది. అంతకు ముందు క్రిస్మస్‌కు చర్చి నాటకంలో నేను దేవదూత వేషం వేశాను. అమ్మ వెళ్ళి అప్పటికి రెండు నెలలు. ముందు చాపల మీద తక్కిన పిల్లల తల్లులు కూర్చుని ఉండడం చూశాను. చెప్పాల్సిన మాట మరిచిపోయి, నోరు తెరిచి అట్లాగే ఏడ్చాను. ఆ ఏడాదంతా బళ్ళో నా పేరు ఏడుపు దేవదూత. మా పెద్దమ్మ పిల్లలు కూడా ఫోను దగ్గర నా మొహంలోకి చూస్తూ, “వస్తా ఉండాది, వస్తా ఉండాది, చూడండి” అని నవ్వేవాళ్ళు. అమ్మ కూడా ఎప్పుడూ రెండు మాటలు మాట్లాడి, పని ఉందని పెట్టేసేది. ఆమెకు నాతో మాట్లాడాలని అంతగా లేదేమో అనుకున్నాను. అప్పటినుంచి ఫోను దగ్గరికి వెళ్ళడం మానేశాను.

మళ్ళీ క్రిస్మస్ దగ్గరపడింది. ఈసారి పాస్టరమ్మగారు నాకు హేరోదు రాజుగారి భటుడి వేషం ఇచ్చారు. భటుడికి మాటలు లేవు, బల్లెం పట్టుకుని నిలబడడమే. తక్కిన భటులు అట్టకు వెండి కాగితం అంటించుకుంటున్నారు. నా మనసు మాత్రం చరిత్ర పుస్తకంలోని ఒక బొమ్మ మీద ఉంది. గుర్రం మీద ఎవరో పాతకాలపు విదేశీ వీరుడు. తలంతా ఇనుమే. కళ్ళ దగ్గర సన్నటి చీలిక తప్ప మొహం ఎక్కడా కనపడదు. హేరోదు కాలానికీ ఆ టోపీకీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు కావలసింది లోపల ఏడ్చినా బయటికి తెలియని టోపీ.

పుస్తకం తీసుకెళ్ళి రేకుల తాతకు చూపించాను. ఆయన బొమ్మను దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“వీడు అన్నమెట్ట తింటాడు?” అన్నాడు.

“తీసేసి తింటాడు తాతా.”

“మొహమంతా మూసేయాల్నా?”

“మూసేయాల.”

ఎందుకని ఆయన అడగలేదు.

పాత బీరువా తలుపు నుంచి గుండ్రంగా ఒక రేకు కత్తిరించి, రంగు కాలిపోయేదాకా బొగ్గుల్లో వేశాడు. ఆయన దగ్గర ఒక తుమ్మ మొద్దు ఉండేది, నడుమ దోసిలంత గుంట చెక్కి ఉండేది. ఆ గుంట మీద రేకు పెట్టి, అంచు నుంచి చుట్లు చుట్లుగా లోపలికి కొట్టుకుంటూ వచ్చాడు. రేకు కొంచెం కొంచెంగా గిన్నెలా దిగింది. అంచులు చీర కుచ్చిళ్ళలా ముడతలు పడితే వాటిని సాపు చేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను సుత్తి అడిగి తీసుకుని, తొందరగా లోతు రావాలని ఒకే చోట కొట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు. ఒకేచోట కొడితే అక్కడ పలచబడి చిల్లు పడతాదని, పక్కపక్కన పోతా ఉండాలని చెప్పాడు. కాసేపటికి చప్పుడు మారి రేకు కణకణ మోగింది. బిగుసుకుపోయిందన్నాడు. ఇంకా కొడితే పగులుతుందట. మళ్ళీ నిప్పుల్లో ఎర్రగా కాల్చి, తనంతట తాను చల్లారేదాకా వదిలేశాడు.

అట్లా నాలుగు శుక్రవారాలు గడిచాయి. నడినెత్తి గిన్నెకు చుట్టూ వెడల్పాటి పట్టీ వంచి రివిట్లు కొట్టాడు. ముందు వైపు మొహం పలక బిగించి, కళ్ళకు చీలిక కోశాడు. నోటి దగ్గర ఊపిరికి చిన్న చిన్న రంధ్రాలు పొడిచాడు. చెవులు కోసుకోకుండా అంచులన్నీ ఆకురాయితో రాశాడు. లోపల తన పాత తువ్వాలు మడిచి పెట్టాడు. ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి టోపీని నెత్తిన దించాడు.

మొదట గొప్పగా ఉంది. “ఎట్లుండాది తాతా” అన్నాను. నా మాట నాకే తిరిగొచ్చి చెవుల్లో కొట్టుకుంది. చీలికలోంచి తలుపు బయట ఇసుక దారి ముక్క ఒకటి కనపడింది. రొయ్యల గుంటల్లో తిరిగే మోటార్ల హోరు పగలూ రాత్రీ మా ఊరి మీద ఉండేది, అది కూడా ఆగిపోయినట్టయింది. మిగిలింది నా ఊపిరి చప్పుడే. తాత ఏమంటాడోనని చూశాను. ఆయన ఏమీ అనలేదు. మళ్ళీ పిలిచాను. తల తిప్పితే టోపీ తిరగకుండా నా మొహం మాత్రం లోపల తిరిగి, అంతా చీకటైంది. నన్ను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి ఆయన వెళ్ళిపోయాడనుకున్నాను. తీయబోతే చెవుల దగ్గర పట్టేసింది. ఎట్లాగో లాగి తీసేసరికి ఒళ్ళంతా చెమట.

ఆయన నా ఎడమ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చుని ఉన్నాడు.

“యాడికి పోయినావు తాతా?”

“ఈడనే ఉండా. నువ్వు పిలిచిన ప్రతిసారీ పలికినా పాపా. నీకే వినపళ్ళేదు.” టోపీని నా చేతుల్లోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. “మీ పెద్దమ్మ కూడా రెండుసార్లు కేకేసినాది.”

సుత్తి పక్కన పడి ఉంది. ఆ సాయంత్రం ఆయన దాన్ని ముట్టుకోనేలేదని అప్పుడు గమనించాను.

“లోపలుండేటోళ్ళకు భయం, నాకు తెలుసు” అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా. “బయట నిలబడి పిలిచేటోళ్ళకు ఎట్టుంటాదో అది కూడా చూడాల గదా. పిలిచింది ఇనపడలేదా, అసలు పలకనే లేదా, వాళ్ళకేం తెలుస్తాది.”

నేను ఇంటికి పరిగెత్తాను. ఫోను అప్పటికే ఆగిపోయింది. “ఇన్ని వారాలుగా అడగతానే ఉండాది నీ తల్లి. ఆడుకోను పోయిందని ఎన్నిసార్లు చెప్పేదిమే?” అంది పెద్దమ్మ. అమ్మ ఫోను కార్డులో ఇంకా నిమిషాలు ఉన్నాయో లేదో, మళ్ళీ చేస్తుందో చేయదో తెలియదు. ఆ ఫోను చేతిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. మా పెద్దమ్మ పిల్లలు చుట్టూ తిరిగారు. తిరగనిచ్చాను. దీపాలు పెట్టే వేళకు అది మోగింది.

నేను చెప్పింది ఒకటే. “ఏడుపొస్తాదని రాలేదమ్మా.”

అవతల అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. “నేనూ అందుకేమ్మా, తొందరగా పెట్టేస్తుండా” అంది.

మరునాడు తాత టోపీకున్న మొహం పలక రివిట్లు ఊడగొట్టేశాడు. ఆ క్రిస్మస్‌కు బోసి మొహంతోనే బల్లెం పట్టుకుని నిలబడ్డాను. కొంచెం ఏడ్చాను కూడా. ముందు వరసలో ఇద్దరు నవ్వారు. నాటకం ఆగలేదు. ఆ టోపీ మా ఉప్పుగాలికి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలిపోయింది.

ఇప్పుడు నాకు ఏడు నెలల పాప. నెల్లూరులో రెండు గదుల ఇల్లు. మా ఆయనది పోర్టులో షిఫ్టు పని, వారంలో సగం రోజులు పాపా నేనూ మాత్రమే ఉంటాం. పాప పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తాను. తుమ్మితే జ్వరమేమోనని నుదురు తాకి చూస్తాను. ఎవరడిగినా మాత్రం బాగున్నామనే చెప్తాను. ఆ మాట ఎంత త్వరగా వస్తుందో నాకే ఆశ్చర్యం. చదువుకున్నదాన్ని, ఇంత చిన్నవాటికి బెదురుతున్నానంటే ఏమనుకుంటారోనని సిగ్గు.

కొట్టంలో ఆ సాయంత్రం నాకు ధైర్యమేమీ రాలేదు, ఇప్పటికీ లేదు. ఒకటి మాత్రం మిగిలింది. నావాళ్ళెవరైనా రెండోసారి పిలిచారంటే, నేను పలకాలి. కువైట్ నుంచి వచ్చేసి ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్న అమ్మ మొన్న ఫోను చేసి ఎట్లా ఉన్నారని అడిగింది. బాగున్నామన్నాను. ఆమె, “నిజంగా ఎట్టుండావు?” అని మళ్ళీ అడిగింది.

“భయంగా ఉందమ్మా” అన్నాను. “పాప నవ్వుతా ఉన్నా భయంగానే ఉంది.”

అమ్మ ఈసారి ఫోను పెట్టేయలేదు. “రేపు మొదటి బస్సుకి వస్తుండా. వంట చెయ్యబాక” అంది.